ఇంగ్లీషులో అడుగు

ఇరవై ఏళ్లు తెలుగులో సైన్సు చెప్పినదాన్ని. తాడేపల్లిగూడెం నుంచి కొల్లేరు పక్కనున్న ఊరికి బదిలీ అయ్యేసరికి అక్కడి బడి ఇంగ్లీషు మీడియం అయింది. ఏలూరులో ఉంటూ రోజూ బస్సులో ఆ ఊరికి వెళ్లేదాన్ని. ఇంట్లో వంటింటి డబ్బాల మీద కాగితాలు అంటించి మాటలు బట్టీ పట్టాను. చింతపండుకి టార్టారిక్ యాసిడ్, పెరుగుకి లాక్టిక్ యాసిడ్, వంటసోడాకి సోడియం బైకార్బొనేట్. పోపు వేస్తూ పలికి చూసుకునేదాన్ని. క్లాసులో తప్పు పలుకుతానేమోనని పుస్తకంలోంచి తల ఎత్తేదాన్ని కాదు.

ఒకరోజు ఆహారం నిల్వ చేయడం గురించి పాఠం. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. వాళ్లమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది.

"టీచరుగారండీ, చేపకి ఉప్పు పట్టిస్తే ఎందుకు కుళ్లదండీ?"

జవాబు నాకు తెలుసు. ఉప్పు చేపలోని నీటిని బయటికి లాగేస్తుంది, దాన్ని ద్రవాభిసరణం అంటారని ఎన్ని క్లాసులకు చెప్పానో లెక్కలేదు. కానీ దాని ఇంగ్లీషు మాట ఆ నిమిషాన గుర్తు రాలేదు.

"ఇంగ్లీషులో అడుగు" అన్నాను.

"సాల్ట్... ఫిష్..." అని ఆగిపోయింది. ముందు బెంచీల వాళ్లు నవ్వారు. నేను వాళ్లని ఆపలేదు.

"కూర్చో. నేర్చుకుని అడుగు."

ఇంటికి వెళ్లే బస్సులో ఆస్మాసిస్ అన్న మాట గుర్తొచ్చింది. మర్నాడు ఆ జవాబు ఇంగ్లీషులో గడగడా చెప్పేశాను. ప్రశ్న ఎవరిదో చెప్పలేదు. ఆ పిల్ల వైపు చూడలేదు.

నెల తర్వాత తల్లిదండ్రుల సమావేశానికి వాళ్లమ్మ వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఇంట్లో ఒకటే ప్రశ్నలండీ. బళ్లో మిమ్మల్ని కూడా విసిగిస్తుందేమో, ఏమీ అనుకోకండి."

తల్లి పక్కన ఆ అమ్మాయి తల వంచుకుని నిలబడింది.

"లేదండీ. మంచి ప్రశ్న అడిగింది. నాకే ఇంగ్లీషులో చెప్పడం రాక కూర్చోబెట్టేశాను. తప్పు నాదండీ."

ఆవిడ నవ్వింది. "భలేవారే, మీకు రాకపోవడమేంటండీ."

ఆవిడ నమ్మలేదు. కూతురు మాత్రం తలెత్తి ఒక్కసారి నన్ను చూసింది.

ఆ తర్వాత ప్రతి పాఠం ముందు తెలుగులో చెప్పి, ఆపైన ఇంగ్లీషులోకి వెళ్లాను. మాట రాకపోతే రాలేదని ఒప్పుకుని, పిల్లల ముందే పుస్తకంలో వెతికాను. మిగతా పిల్లలు నెమ్మదిగా అడగడం మొదలుపెట్టారు. ఆ అమ్మాయి మాత్రం ఏడాది చివరిదాకా నోట్సు రాసుకుంటూనే ఉండిపోయింది. ఒకటి రెండుసార్లు నేనే పేరుపెట్టి పిలిచి, ఏమైనా అడగాలా అన్నాను.

"ఏం లేదండీ" అంది.