అరచేయంత పచ్చ రంగు

“వదినె, నువ్వన్న జెప్పు. దాన్ని నేను ముట్టలేదని అన్నకు జెప్పు.”

“నాకేం ఎరుక? షెడ్డుల పనులు నాకు జెప్పి జేస్తరా?”

నా మరిది మల్లేశ్, నేను చివరిసారి మాట్లాడుకున్నది ఇంతే. పోయిన వానాకాలంలో మల్లేశ్ చనిపోయాడు. అతనికంటే ముందే నా భర్త పోయాడు. ఇద్దరికీ నిజం చెప్పలేదు. ఇన్నేళ్లూ ఆ మాటను మింగలేక, కక్కలేక తిరిగాను.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే రాస్తున్నది మల్లేశ్ కూతురు స్వప్న. వేరే ఎవరితోనైనా రాయించవచ్చు. కానీ ఈ పిల్ల వినకుండా చెప్పుకుంటే అది ఒప్పుకున్నట్టా?

తూంకుంటలో రోడ్డు పక్కన మా షెడ్డు ఉండేది. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు పట్నం నుంచి వెతుక్కుంటూ వచ్చేవారు. ఇంజన్ పని నా భర్తది. రంగు పని మల్లేశ్‌ది. కౌకూర్ పెద్దమనిషి ఒకాయన తన తండ్రి నడిపిన కారు తెచ్చాడు. కొత్తలో ఏ రంగు ఉండేదో అదే కావాలన్నాడు. దాని మీద ఎన్ని పూతలు పడ్డాయో! డిక్కీలో స్టెప్నీ టైరు కింద మాత్రం అరచేయంత మేర అసలు రంగు మిగిలింది. లేత వేపాకు పచ్చ. మల్లేశ్ రోజూ రంగులు కలిపి, రేకు ముక్క మీద పూసి, పొద్దుటి ఎండలో దాని పక్కన పెట్టి చూసేవాడు.

“ఏందిరా, పెండ్లిచూపులా? గంతసేపు జూస్తున్నవ్” అని నా భర్త నవ్వేవాడు.

“పిల్ల నచ్చింది గాని, జోడి దొరుకుతలేదన్నా.”

దసరా వచ్చింది. పానాలు, సుత్తెలు, కార్లు అన్నీ తుడిచి బొట్లు పెట్టడం నా పని. డిక్కీ నిండా గ్రీజు. ఆ రంగు సంగతి మరిచి టైరు జరిపి, రంగులో కలిపే థిన్నర్‌లో గుడ్డ ముంచి గట్టిగా రుద్దాను. గుడ్డ పచ్చగా వచ్చింది. కింద వట్టి రేకు. చేతులు కొంగుకు తుడుచుకున్నాను. గుడ్డను పొయ్యిలో పడేశాను. టైరు మళ్లీ అక్కడే పెట్టి, పైన పసుపు కుంకుమ పెట్టాను.

సాయంత్రం పూజకు పెద్దమనిషి వచ్చాడు. ఆయనకు ఆ రంగు చూపిద్దామని నా భర్త టైరు తీశాడు.

“కలుపుడు శాతగాక తుడిచేసినవా? ఇగ సారుకు ఏం ముఖం జూపియ్యాలె?” అని అందరి ముందు తమ్ముడి మీద అరిచాడు.

అప్పుడే మల్లేశ్ నా వైపు తిరిగి, మొదట చెప్పిన ఆ మాట అడిగాడు. నేను ఆ జవాబు చెప్పాను. అతని చూపు నా కొంగు మీద పడింది. అక్కడ పచ్చ మరక. రంగు కొట్టే గన్ను తీసుకుని వెళ్లిపోయాడు. బహదూర్‌పల్లిలో గేట్లకు, కిటికీ ఊచలకు రంగులు వేసుకుంటూ బతికాడు. పాత కారు మీద మళ్లీ చెయ్యి పెట్టలేదు.

రుద్దడం పొరపాటు. మరి అబద్ధం? భయమా? నా భర్త నన్ను ఏనాడూ కొట్టినవాడు కాదు. పట్నంవాళ్లు వచ్చినప్పుడల్లా మల్లేశ్ చేతినే పొగుడుతుంటే, నా భర్త మసి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ పక్కన నిలబడేవాడు, అది చూసి నాకు లోపల ఎక్కడో గుచ్చుకునేది. ఆ పూట నా నోట మాట్లాడింది అదేనా?

అవును. రాయి బిడ్డా. అవును.

తర్వాత ఇంకెవరో ఆ కారుకు రంగు వేశారు. పెద్దమనిషి దాని చుట్టూ తిరిగి, “అసలు రంగుకు దగ్గరగా ఉంది” అని మాత్రం అన్నాడు. ఆ చీర ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఎన్నిసార్లు ఉతికినా మరక పోలేదు. ఆ రోజు కొంగు చాపి చూపించి ఉంటే, మల్లేశ్ ఆ మరకను చూసే రంగు కలిపేవాడేమో. రంగు కలవకపోయినా, మా ఇంట్లోనే ఉండేవాడు.

స్వప్న ఇక్కడ కలం ఆపింది.

“పెద్దమ్మా, నాయినకు ఎరుకేనా?”

“ఎరుకే బిడ్డా. కొంగు జూసిండు.”

ఆమె తల వంచి మళ్లీ రాస్తోంది. క్షమించమని నేను అడగను. అడగవలసినవాళ్లు లేరు. లోపలిది బయట పడింది, ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.

ఇగ సదువు బిడ్డా. మొదటికెల్లి సదువు. మీ నాయిన అడిగిన మాట నీ నోట వింట. నేనన్నది గూడ ఇడిసిపెట్టకు.