ఉంగరపు వేలి అలవాటు

మొన్న జగ్గయ్యపేటలో మా ఇంటికి నెట్టు పెట్టె బిగించడానికి ఒకతను వచ్చాడు. చెప్పులు గుమ్మంలో విడిచే తీరిక కూడా లేకుండా లోపలికి వచ్చి, గోడకి దాన్ని తగిలించి, తన ఫోను మీద బొటనవేలితో నాలుగుసార్లు పొడిచి, అయిపోయిందని చెప్పి వెళ్ళిపోయాడు. ఏం చేశాడో అతనికీ తెలిసినట్టు లేదు, తెలుసుకోవాలన్న యావా ఉన్నట్టు లేదు. రెండు బొటనవేళ్ళతో బతుకు వెళ్ళదీసే ఈ జాతి అంటే నాకు మొదటినుంచీ చిన్నచూపే. మిగతా ఎనిమిది వేళ్ళూ దేవుడు వీళ్ళకి ఎందుకు ఇచ్చినట్టో అనుకుంటూ ఉంటాను. నా ఈడు వాళ్ళకి చెప్తే అర్థమవుతుంది, పది వేళ్ళకీ పని చెప్పి అన్నం పెట్టిన విద్య ఒకటి మన రోజుల్లో ఉండేది.

తొంభైల్లో నందిగామలో, బస్టాండుకి కూతవేటు దూరంలో, ఒక మేడ మీద నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పేటలో ఇంటి నుంచి తెల్లారగట్ల బస్సుకి నేను వచ్చేసరికి, అటు చందర్లపాడు నుంచి, ఇటు కంచికచర్ల నుంచి వచ్చిన పిల్లలు మెట్ల మీద కూర్చుని ఉండేవాళ్ళు. మిషను వంక చూసి కొట్టేవాళ్ళంటే నాకు గిట్టదు, అలాంటి వాళ్ళ చేతుల మీద తువ్వాలు కప్పి కొట్టించేవాణ్ణి. నా దగ్గర లోయరు, హయ్యరు పరీక్షలు పాసై కోర్టుల్లోనూ తాలూకా ఆఫీసుల్లోనూ కుదురుకున్నవాళ్ళు బస్సులో కనబడితే ఇప్పటికీ లేచి సీటిస్తారు. నా తరగతిలో నాకు ఎదురు చెప్పిన పిల్ల గానీ పిల్లాడు గానీ లేరు. ఆ మాట పదిమందిలో గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

రెండువేలు దాటాక వీధికో కంప్యూటరు సెంటరు వెలిసింది. మూడు నెలల్లో సర్వం నేర్పుతామని గోడల నిండా రాతలు. అందులో నేర్పేవాళ్ళని చూశాను, చూపుడువేలితో వెతుక్కుంటూ కోడి గింజలు ఏరుకున్నట్టు కొట్టేవాళ్ళు. నా దగ్గరికి వచ్చే పిల్లలు తగ్గిపోతుంటే, ఆ చెత్తలో నేనూ దిగక తప్పక, రెండు కంప్యూటర్లు కొని, టెలిఫోను తీగ మీద నెట్టు పెట్టించాను. అదీ నిలకడగా సాగిందా అంటే, హైవే వెడల్పు చేస్తూ మట్టి తవ్వినప్పుడల్లా తీగ తెగేది, ఊరంతా నెట్టు లేకుండా రోజులకి రోజులు గడిచేవి. విసుగెత్తి, ఆ దశాబ్దం చివర్లో, సిమ్ము వేసుకునే బ్రాడ్‌బ్యాండ్ పెట్టె ఒకటి తెప్పించాను. అరచేతి వెడల్పు పెట్టె, దానికి రెండు కొమ్ములు. మే నెల ఎండలో మెడకి టై బిగించుకుని వచ్చిన కంపెనీ మనిషి దాన్ని పెట్టి, ఒక చీటీ మీద అంకెలతో ఒక అడ్రసు రాసిచ్చాడు. ఆ అడ్రసు కొడితే పెట్టె లోపలి పేజీ తెరుచుకుంటుందట, అందులో ఒక గడిలో కంపెనీ వాళ్ళ లైను పేరు ఉండాలట, ఆ పేరు తప్పితే నెట్టు రాదట. ఒకసారి దగ్గరుండి కొట్టి చూపిస్తానన్నాడు. ఇరవై ఏళ్ళుగా కీబోర్డు నేర్పేవాడికి నాలుగు అంకెలు కొట్టడం నేర్పడానికి వచ్చాడు, మొహం చూడు. అక్కర్లేదని పంపించేశాను.

అదే వేసవి చివర మా అక్క కూతురి వ్యవహారం వచ్చిపడింది. అక్కావాళ్ళది చందర్లపాడు. పిల్లకి ఎంసెట్‌లో చెప్పుకోదగ్గ ర్యాంకు వచ్చింది, కాలేజీల వరస నెట్టులో పెట్టుకోవాలి, పెట్టడానికి ఆఖరి రోజు సాయంత్రం ఆరింటిదాకా గడువు. మా బావ పొలం తప్ప లోకం ఎరగని మనిషి. బెజవాడలో సీటొస్తే రోజూ ఇంటినుంచి వెళ్ళొచ్చేటట్టు చదివిస్తాను, అంతకంటే దూరమైతే హాస్టల్లో వేసి చదివించేది లేదని ముందే తేల్చి చెప్పాడు. పిల్ల పాపం రెండు రాత్రులు కూర్చుని నోటుబుక్కులో నలభై కాలేజీలు వరసగా రాసుకుంది. మావయ్య దగ్గర నెట్టుండగా బయట సెంటర్లో కూర్చోవడమేమిటని ఆఖరి రోజు నా దగ్గరికే రమ్మన్నది నేనే.

పొద్దున తొమ్మిదింటికి తండ్రీ కూతుళ్ళు వచ్చేసరికి పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతోంది. లైను పేరు మారింది, లోపలికి వెళ్ళి కొత్త పేరు పెట్టుకోమని కంపెనీ వాళ్ళు ముందురోజే ఫోనుకి మెసేజి పంపారు. ఇదెంత పని అని కూర్చుని, చీటీ చూసి అడ్రసు కొట్టాను. పేజీ కనబడదన్నది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అదే. పెట్టె ఆపి వేశాను, సిమ్ము తీసి పంచె చెంగుతో తుడిచి పెట్టాను, దాన్ని కిటికీలో పెట్టాను, ఆఖరికి తీగ సాగినంత మేర మెట్ల దగ్గరిదాకా మోశాను. కంపెనీ మనిషికి ఫోను చేస్తే వత్సవాయిలో ఉన్నాడట, "టవరు బానే ఉందండి, అడ్రసు కరెక్టుగా కొట్టారా అండి?" అని అడిగాడు. నన్ను అడిగాడు ఆ మాట. ఠక్కున ఫోను పెట్టేశాను.

మా బావ గోడ గడియారం చూసి, "ఏమోయ్, పదిన్నరకి బస్సుంది, బెజవాడ పోయి ఏదో ఒక సెంటర్లో పెట్టించుకుంటాం" అన్నాడు. నువ్వూరుకో బావా, అని కసిరాను. నా వెనకే నిలబడి చూస్తున్న పిల్ల మెల్లగా, "మావయ్యా, ఒక్కసారి నన్ను కొట్టనివ్వండి" అంది. ఆ పిల్ల కూడా నా శిష్యురాలే, లోయరు రెండోసారికి గానీ పాసవలేదు. "చాల్లే, నా చేతిలో కీబోర్డు లాక్కునేంత దానివయ్యావా?" అన్నాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఒక అడుగు జరిగింది. వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం మూడింటిదాకా అలా వాళ్ళని కూర్చోబెట్టాను. అప్పుడు బావకి కోపమొచ్చి పిల్లని తీసుకుని బస్టాండుకి వెళ్ళిపోయాడు. బస్సు ఆలస్యం, బెజవాడలో సెంటరు ముందు క్యూ. పిల్లకి కుర్చీ దొరికేసరికి ఆరు కావస్తోంది. నలభైలో అయిదు కాలేజీలు పెట్టేసరికి గడువు మూసుకుపోయింది. ఆ అయిదింటిలో ఎక్కడా సీటు రాలేదు. పెట్టలేకపోయిన వాటిలో బెజవాడవి పది దాకా ఉన్నాయి, తనకంటే వెనక ర్యాంకు వాళ్ళకి వాటిలో వచ్చాయి. తరవాత విడతలో శ్రీకాకుళం వైపు ఎక్కడో వస్తే బావ అన్న మాట ప్రకారమే పంపలేదు. పిల్ల నందిగామలో బీఎస్సీలో చేరింది.

గడువు దాటిన మర్నాడు పొద్దున్నే టై మనిషి వచ్చాడు. కూర్చుని అడ్రసు కొట్టాడు, పేజీ తెరుచుకుంది. నేనూ ఇదే కొట్టానయ్యా, నీ పెట్టెకి మనిషిని బట్టి మర్యాద కాబోలు, అన్నాను వెటకారంగా. ఏదీ కొట్టండి చూద్దామన్నాడు. కొట్టాను. అతను తెర చూడలేదు, నా చేతులు చూశాడు. "సార్, మీరు ఒకటి కొట్టట్లేదండి. ఎల్ కొడుతున్నారు" అన్నాడు.

మన పాత మిషన్లలో ఒకటి అంకెకి మీట ఉండేది కాదు, మీకూ గుర్తుండే ఉంటుంది. ఒకటి కావాలంటే కుడి ఉంగరపు వేలితో చిన్న ఎల్ కొట్టాలి, కాగితం మీద రెండూ ఒకలాగే పడతాయి. వందలమందికి నేనే నేర్పాను అలా. కంప్యూటర్లు వచ్చాక పై వరసలో ఒకటి ఉందని కళ్ళకి తెలుసు గానీ, ఉంగరపు వేలికి తెలియదు. ఉత్తరాలూ అర్జీలూ కొట్టినన్నాళ్ళూ ఎవరూ పట్టుకోలేదు. ఆ అడ్రసులో నాలుగు ఒకట్లున్నాయి, నాలుగూ ఎల్‌లే కొట్టాను, రోజంతా కొట్టాను. అతను నవ్వినా బావుండేది. నవ్వలేదు, లైను పేరు సరిచేసి, టై సర్దుకుని వెళ్ళిపోయాడు.

నేను చేసిన పనుల్లో అన్నిటికంటే నీచమైనది ఆ తరవాత చేశాను. బావకి చెప్పలేదు. టవరు పాడైందన్నాను. మా కుటుంబంలో ఈనాటికీ ఆ పిల్ల చదువు చెడగొట్టింది నెట్టు కంపెనీ వాళ్ళే. ఆ మాట వచ్చినప్పుడల్లా నేనూ నాలుగు తిట్లు కలిపేవాణ్ణి.

మా మేనకోడలు ఇప్పుడు కంచికచర్లలో ఒక బడిలో లెక్కలు చెబుతోంది. పోయిన ఏడు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, బావ పెరట్లో ఉండగా, ఆ రోజు నేనేం కొడుతున్నానో నువ్వు చూశావా అని అడగలేక అడగలేక అడిగాను.

"చూశా మావయ్యా. మీరు రెండోసారి కొట్టినప్పుడే మీ వేలు చూశా" అంది, గ్లాసులో కాఫీ తిరగబోస్తూ.

మరి చెప్పలేదేమే, అన్నాను.

"చెప్పబోయా కదండీ" అంది. గొంతులో కోపం లేదు. పంచదార సరిపోయిందా అని అడిగింది.

ఈ కాలం పిల్లలకి పెద్దలంటే భయం లేదని మన వయసు వాళ్ళం నలుగురం చేరితే చాలు మొదలుపెడతాం. మనవలు మొహాన్నే తప్పంటారు, చేతిలో ఫోను లాక్కుంటారు, నీకు తెలియదు ఊరుకోమంటారు. ఆ కబుర్లలో అందరికంటే పెద్ద గొంతు నాదే ఉండేది. ఇప్పుడు ఆ మాట వస్తే లేచి మంచినీళ్ళకి వెళ్తున్నాను. ఆ రోజు ఆ పిల్లకి నేనంటే ఆ కాస్త భయం లేకపోయి ఉంటే, పదిన్నర బస్సు కదిలేలోపు నలభై కాలేజీలూ పెట్టేసుకుని ఇంటికి పోయేది.