బడికి నేను పెంచిన వయసు

ఈ మాట గొంతులో పెట్టుకుని ఏళ్లుగా తిరుగుతున్నాను. అన్నం దిగుతుంది, ఇది దిగదు. పేరు చెప్పను, మీరూ అడగకండి. అడిగితే మళ్లీ ఏదో ఒకటి కల్పించి చెబుతాను.

కొల్లేటి అంచున మా ఊరు. హైస్కూలు వార్షికోత్సవం వచ్చిందంటే బడి చరిత్ర చెప్పమని మైకు నా చేతికే ఇచ్చేవారు. నేను చెబితే బాగుండేది లెండి. తెల్లదొర వచ్చి పునాదిరాయి వేశాడనేవాణ్ణి. ఒక ఏడు గుర్రమెక్కి వచ్చాడు, మరో ఏడు ఏనుగెక్కి. కొల్లేటి బురదలో ఏనుగెలా నడిచిందని ఒక్కరూ అడగలేదు. నూటపాతికేళ్ల కట్టడమంటే పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

ఏ దొరా రాలేదు. ఆ బడి కట్టేటప్పటికి నేను నిక్కరు వేసుకునే పిల్లాణ్ణి. ఊరంతా పల్లం కాబట్టి ఇంటికో దోనెపడవెడు మట్టి తేవాలని పెద్దలు కట్టడి చేశారు. చర్చిపేట వాళ్లూ, రైతుల ఇళ్లవాళ్లూ కలిసి కొల్లేటి అడుగు మట్టి తోడి మెరక చేశారు. ఆ వేసవంతా మా అమ్మ దగ్గర ఆ మట్టివాసనే. మైకు ముందు ఆవిడ నాకెందుకు గుర్తు రాలేదు? తట్ట మోసిన తల్లిని చెప్పుకోవడం నాకు నామోషీ అయిందా?

ఒక తుపాను వెళ్లాక ఇంజనీర్లు బడి కట్టడాల గట్టితనం చూసుకుంటూ వచ్చారు. ఎప్పుడు కట్టారో కాగితాల్లో లేదు. మట్టి మోసిన పెద్దలు అప్పటికి లేరు, నా ఈడువాళ్లు ఊరొదిలి పోయారు. అందరూ నావైపు చూశారు. నూటపాతికేళ్లని తలెత్తి మరీ చెప్పాను. హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను వరండాలోకి పిలిచారు.

"బాబాయి గారూ, గోడలు చూస్తే రాయిలా ఉన్నాయండీ. మీరన్నంత పాతదైతే పడగొట్టేస్తారట. నిజమేనాండీ?"

"నేను అబద్ధం చెబుతానా అమ్మా?"

"అయ్యో, అది కాదండీ. పొరపాటు పడ్డానని మీరొక్క మాటంటే ఆగుతారు."

"కొత్తది కట్టిస్తారులే అమ్మా."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతమందిలో కోతలరాయుడినని తేలిపోతుందని మింగేశాను.

పొక్లెయిన్‌తో గుద్దినా గోడలు ఓ పట్టాన పడలేదు. చూస్తూ నిలబడ్డాను. కొత్తది రాలేదు. మెరక మట్టిని చేపల చెరువు గట్లకి తోలుకుపోయారు. పిల్లల్ని గణపవరం బడిలో కలిపారు. ఆటోలో పంపగలిగినవాళ్లు పంపారు. మా పక్కింటి పిల్ల ఎనిమిదితో ఆపేసి రొయ్యల షెడ్డుకి పోతోంది. పొద్దున్నే నా అరుగు ముందు ఆగి, "వెళ్లొస్తానండీ తాతగారూ" అంటుంది. నేను తలూపుతాను. నీ చదువు ఆపింది నేనే అని ఏ పూట చెప్పను? చెబితే మాత్రం దానికి బడి వస్తుందా?

మీరు క్షమించాలని కాదు. అది మీ చేతిలోనూ లేదు. మా బడికి అప్పటికి యాభై ఏళ్లు నిండాయో లేదో. గట్టి కట్టడం. దాన్ని పడగొట్టించింది నేను. రాసేశాను, కాస్త ఊపిరాడుతోంది. ఆ బడి గురించి నేను పెంచకుండా చెప్పిన మాట ఇదొక్కటే.