జీను కింది జంపఖానా

నిన్న పాత నోటుబుక్కులోంచి మంగోలియా స్టాంపు ఒకటి జారిపడింది. తుపాకీ వీపున వేసుకుని గుర్రం మీద పోతున్న సైనికుడు, జీను కింద చారల గుడ్డ.

మా నేతగాళ్ల వాడ కాశిబుగ్గలో మడతపెట్టిన జంపఖానా వీధిలోకి వచ్చిందంటే అమ్మకానికే. అందుకే ఈ స్టాంపు మొదటిసారి చేతికొచ్చిన రోజు, ఏడేళ్ల నేను, "తాతా, ఈయన జంపఖానా అమ్మనీకి పోతాండా?" అని అడిగాను.

తాత మగ్గం ఆపి, పోగులు చూసే భూతద్దం స్టాంపు మీద పెట్టాడు.

"అమ్మనీకి కాదు బిడ్డా, యుద్ధానికి పోతాండు. అది ఇంటోళ్లు నేసిచ్చింది."

"మళ్ల ఎప్పుడొస్తడు?"

తాత భూతద్దం జేబులో వేసుకుని నేతలో పడ్డాడు.

ఆ స్టాంపు వేసింది మంగోలియా గడ్డిమైదానంలో జపాను సైన్యంతో జరిగిన పోరు గుర్తుగానని పెద్దయ్యాక ఒక పుస్తకంలో చదివాను. గెలిచింది మంగోలుల పక్షమే. ఆ గుర్రం మీది మనిషి మళ్లీ ఇంటికి ఎప్పుడొచ్చాడో మాత్రం ఆ పుస్తకంలో రాయలేదు.