సీసం మానేసిన ఏడాది

మా గరాజ్‌లో కారుకు చోటు లేదు. ఒక పక్క బియ్యం బస్తాలు, నిలువెత్తు ఫ్రీజరు, ఇంకో పక్క నా బల్ల. బల్లకు బిగించిన ప్రెస్సు, పౌడరు తూచే త్రాసు, బుల్లెట్ల డబ్బాలు. అమెరికాలోని ఈ క్యారీ ఊళ్ళో మా వీధి నిండా తెలుగువాళ్ళే అయినా, జింకల వేటకు వెళ్ళేది, అందుకు కావలసిన తూటాలు ఇంట్లో చేసుకునేది నేనొక్కదాన్నే. చర్చిలో ఆడవాళ్ళు మొదట్లో నన్ను ఎగాదిగా చూసేవారు. ఫెలోషిప్ లంచ్‌లో నా జింక మాంసం వేపుడు తిన్నాక ఆ చూపులు తగ్గాయి.

ఈ పిచ్చి అంటించింది నాతో పనిచేసి రిటైరైన ఒక అమెరికన్ పెద్దావిడ. ఊరికి గంట దూరంలో ఆవిడకు సోయా చేను ఉంది. జింకలు చేనంతా మేసిపోతున్నాయని ఆవిడ విసుక్కుంటుంటే చూద్దామని వెళ్ళాను. మరుసటి ఏటికల్లా లైసెన్స్ తీసుకుని, రైఫిల్ ఒళ్ళో పెట్టుకుని ఆవిడ చేను అంచున కూర్చున్నాను. తూటాలు చేసుకోవడం మాత్రం నా అంతట నేనే మొదలుపెట్టాను. నాది మందుల కంపెనీలో ఉద్యోగం. పొడులు తూచి, కలిపి, మాత్రలుగా ఒత్తే పని చూస్తాను. ఎవరో నింపిన తూటా కొని, లోపల ఏముందో తెలియకుండా కాల్చడం నా వల్ల కాలేదు.

తూటాలో చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. వేలంత ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ, లోపల పౌడరు, మూతిలో బిగించిన బుల్లెట్. కానీ ఆ పౌడరు దేనితో చేస్తారో మొదటిసారి చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. దూదితో చేస్తారు! పత్తిలో ఉండే సెల్యులోజ్‌ను ఆమ్లాలతో మారిస్తే అది తయారవుతుంది. నేను గుంటూరు జిల్లాలో పత్తి చేల మధ్య పెరిగినదాన్ని. ఆఫీసులో రోజూ మాత్రల్లో కలిపే తెల్లటి పొడి కూడా సెల్యులోజే. కొన్ని పౌడర్లలో నైట్రోగ్లిజరిన్ కూడా ఉంటుంది. గుండెనొప్పి వచ్చినవాళ్ళు నాలుక కింద పెట్టుకునే మాత్రలో ఉండేదీ అదే. దేవుడు ఇంత తక్కువ సరుకుతో ఇన్ని పనులు ఎలా చేయిస్తున్నాడా అని నాకు ఇప్పటికీ నోరు తెరుచుకుపోతుంది.

మా అమ్మాయి, అల్లుడు కారులో ఆరు గంటల దూరంలో, అల్ఫారెట్టాలో ఉంటారు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఆ పిల్లకు కడుపు నిలిచింది. సంతోషపడే వ్యవధి కూడా ఇవ్వకుండా వాంతులు పట్టుకున్నాయి. మామూలు వేవిళ్ళు కావవి. నీళ్ళు తాగినా కక్కేసేది. ఆసుపత్రిలో పెట్టి సెలైన్ ఎక్కించారు, మాత్రలు మార్చారు, అయినా బరువు తగ్గుతూనే ఉంది. ఆగస్టులో ఒకరోజు ఫోన్ చేసింది.

"అమ్మా, చికెన్ స్మెల్ వస్తే చాలు, త్రో అప్ అవుతున్నా. మటన్ కూడా సేమ్. నీ డీర్ ఫ్రై ఉంది కదా, అది ఒక్కటే తినాలి అనిపిస్తుంది. ఉందా ఇంట్లో?"

"ఉంది తల్లీ, వండి పట్టుకొస్తా" అని ఫోన్ పెట్టేసి గరాజ్‌లోకి పరుగెత్తాను. ఫ్రీజరులో పాత వేట మాంసం పొట్లాలు నాలుగైదు ఉన్నాయి. అవి తీసి బల్ల మీద పెట్టినప్పుడు అక్కడ ఒక వాడిన బుల్లెట్ కనబడింది. ఆ జింకలోంచి తీసిందే. పుట్టగొడుగులా విచ్చుకుని అందంగా ఉందని దాచుకున్నాను. పక్కనే త్రాసు ఉంది. చేతులు ఊరుకోక బుల్లెట్‌ను దాని మీద పెట్టాను. తూటాలో పెట్టినప్పటి బరువులో మూడో వంతు తగ్గింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మిషన్‌లోకి ఎంత పొడి వెళ్ళింది, మాత్రలుగా ఎంత వచ్చింది, గొట్టాల్లో, ఫిల్టర్లలో ఎంత మిగిలింది, అన్నీ కలిపి చూస్తాం. లెక్క తేలకపోతే ఆ పోయిన సరుకు ఎక్కడుందో చెప్పేదాకా ఒక్క మాత్ర కూడా బయటికి వెళ్ళదు. ఇన్నేళ్ళుగా ఆ పని చేస్తున్న నేను బుల్లెట్ తీసి మళ్ళీ తూచాను, అదే అంకె. అది లోపల సీసం, పైన పల్చటి రాగి తొడుగు ఉన్న బుల్లెట్. జింకను కోసేటప్పుడు గాయం చుట్టూ మాంసం తీసి పారేసిన మాట నిజమే. కొంత అందులో పోయి ఉంటుంది. కానీ సీసం కంటికి ఆనని నలుసులై గాయానికి చాలా దూరం కూడా చేరుతుందని చదివాను. మిగిలింది ఆ పొట్లాల్లో లేదని నేను సంతకం పెట్టగలనా? పెట్టలేను.

ఆ మాంసం తిన్నవాళ్ళం కాబట్టి, ఒంట్లో సీసం చేరిందేమోనని అందరం రక్తపరీక్షలు చేయించుకున్నాం. అమ్మాయికి కూడా చేయించాం, ఎవరికీ ఏమీ లేదు. హమ్మయ్య అనుకుని, కడుపులో బిడ్డకు ఎంత సీసమైతే ఫరవాలేదని డాక్టరమ్మను అడిగాను. అసలు వద్దు అంది. పొట్లాలు పారేశాను. అమ్మాయికి ఫోన్ చేసి, "నవంబర్‌లో థాంక్స్‌గివింగ్‌కి రండి, వేట సీజన్ ఓపెన్ అవగానే కొత్త మాంసం తెచ్చి నీకు వండి పెడతా" అని మాటిచ్చాను. అవతల నుంచి "అంత లేటా?" అని ఒక్క మాట వచ్చింది. ఆ గొంతులో బలం లేకపోవడం నాకు రోజుల తరబడి వినబడుతూనే ఉంది.

సీసం మానేస్తే ఇక మిగిలింది మొత్తం రాగితో చేసిన బుల్లెట్. మా ఆయనకు ఈ మాట చెబితే ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే, "కాపర్ బుల్లెట్స్ ఉన్న బాక్స్ ఒకటి ఆర్డర్ చేస్తే పోయేదానికి ఎందుకే ఈ తపస్సు?" అన్నారు.

"అది అందరికీ ఒకే కొలతతో కుట్టిన చొక్కా అండీ. నా రైఫిల్ గొట్టం పొట్టిది. స్పీడ్ చాలకపోతే రాగి విచ్చుకోదు. జింక గాయంతో పరుగెత్తి ఎక్కడో పడి చస్తుంది, మనకు దొరకదు."

"సరేలే. రాగి దిగిన మాంసంలో చింతపండు పులుసు పోస్తావా మరి? చిలుము పట్టదూ?"

నాకు నవ్వు ఆగలేదు. కానీ ఆ మాటే ఆ పూటంతా బుర్రలో తిరిగింది, నిజం చెప్పొద్దూ. రాగి గిన్నెలో పులుపు పెట్టకూడదని విని పెరిగిన వాళ్ళం. సాయంత్రం వెళ్ళి, వేపుడులో చింతపండు ఉండదు కదా అని ఆయనకు గుర్తుచేశాను.

పని మొదలుపెట్టాక తెలిసింది, బుల్లెట్ ఒక్కటీ మారిస్తే సరిపోదని. రాగి సీసం కంటే తేలిక. అదే బరువుకు రాగి బుల్లెట్ పొడుగ్గా ఉంటుంది. పొడుగైనది ఇత్తడి గొట్టంలోకి ఎక్కువ దిగి పౌడరుకు చోటు లేకుండా చేస్తుంది. అందుకని ఇంకాస్త తేలికైన బుల్లెట్ ఎంచుకున్నాను. అది తేలిక కాబట్టి త్వరగా కదులుతుంది. అది కదిలే వేగానికి తగ్గట్టు కాలే పౌడరు కావాలి. మరీ తొందరగా కాలితే రైఫిల్‌కే ప్రమాదం, మరీ నిదానంగా కాలితే సగం బయట కాలి వృథా. ఇదంతా కనురెప్ప వేసేలోపు, నా చెంపకు జానెడు దూరంలో జరుగుతుంది. వేటకు వెళ్ళేవాళ్ళంతా జింక కొమ్ముల గురించి మాట్లాడతారు. నాకు మాత్రం ఇది తలుచుకున్నప్పుడే ఒళ్ళు జలదరిస్తుంది.

పుస్తకాలన్నీ తిరగేసి చివరికి రెండు పౌడర్లు తెచ్చుకున్నాను. ఒకటి గసగసాల్లా గుండ్రంగా, జారుతూ ఉంటుంది. తూస్తుంటే చేతికి హాయి. ఇంకోటి నల్లటి పొట్టి పుల్లలు, కొలిచే గొట్టంలో ఇరుక్కుని కరకరమంటూ విసిగిస్తాయి. ఒకటి తూచి, మూతపెట్టి, అలమారలో పెట్టి, బల్ల తుడిచాకే రెండోది బయటికి తీసేదాన్ని. రెండు డబ్బాలు ఒకేసారి బల్ల మీద ఉండటానికి వీల్లేదు. ఆ సమయంలో నాతో మాట్లాడకూడదు, గరాజ్‌లోకి రాకూడదు. మడి కట్టుకున్న మామ్మలా తయారయ్యావని మా ఆయన వంటింట్లోంచి కేకలు. పుస్తకంలో చెప్పిన అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, మెల్లిగా పెంచుతూ, ప్రతిసారీ కాల్చిన ఇత్తడి గొట్టం మీద ఒత్తిడి ఎక్కువైన గుర్తులు ఉన్నాయేమోనని తిప్పితిప్పి చూసి, పుస్తకం గీసిన గీతకు చాలా ఇవతలే ఆగాను.

సెప్టెంబరు ఎండలో ఆ తూటాలు గురి చూసుకునే షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళి కాల్చాను. గుండ్రటి పౌడరుతో కాగితం మీద చిల్లులు ఒకదానికొకటి ఆనుకుని పడ్డాయి. అంత బాగా నేను ఎప్పుడూ కాల్చలేదు. ఎగిరి గంతేయబోయాను. ఇంటికొస్తూ ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు అనుమానం వచ్చింది. ఇప్పుడు చెమట కారిపోతోంది, నేను కాల్చేది నవంబరు చలిలో కదా! మా మందుల్ని కూడా ఎండలోనూ చలిలోనూ పెట్టి చూడకుండా షాపుకు పంపం.

తరవాతి వారం చేపలు తెచ్చుకునే కూలర్‌లో ఐసు నింపి, రెండు రకాల తూటాలూ అందులో పాతిపెట్టి రేంజ్‌కి వెళ్ళాను. పక్కనున్న ఒకాయన పిక్నిక్ అనుకుని నవ్వాడు. ఒక్కో తూటా తీసి, అది వేడెక్కకముందే కాల్చాను. గుండ్రటి పౌడరు చలికి మందగించింది, చిల్లులు కిందికి జారి చెల్లాచెదురయ్యాయి. విసిగించిన ఆ పుల్లల పౌడరు మాత్రం వేగం కొలిచే మిషన్ మీద ఎండలో ఎంత వేగమో ఐసులోనూ ఇంచుమించు అంతే చూపించింది. దాని మీద వేళ్ళకు తెలియనంత పల్చగా పూసిన పూత చలికీ వేడికీ కాలడాన్ని అదుపు చేస్తుందట. ఆ పూత కనిపెట్టిన మనిషికి మనసులోనే దండం పెట్టాను.

సీజన్ మొదలైన శనివారం చేను అంచున, పైన్ చెట్టుకు ఆనుకుని కూర్చున్నాను. గడ్డి మీద తెల్లగా మంచు. చాలాసేపటికి అవతలి అంచున ఒక మగజింక బయటికొచ్చింది. అంత దూరంలో నేనెప్పుడూ కాల్చి ఉండలేదు. అది పక్కకు తిరిగేదాకా ఆగాను. అమ్మాయి గొంతు గుర్తొస్తే, ఊపిరి వదిలి, మళ్ళీ పీల్చి, మళ్ళీ ఆగాను. కాల్చాను. జింక నాలుగు గెంతులు వేసి ఒరిగిపోయింది.

దగ్గరికి వెళ్ళేసరికి దాని ఒంటిమీంచి ఆవిరి లేస్తోంది. ఎంత అందమైన జంతువు! భోజనం ముందు చేసే ప్రార్థన అక్కడే మోకాళ్ళ మీద చేశాను. తోలు తీసేటప్పుడు అవతలి భుజం చర్మం కింద గట్టిగా చేతికి తగిలింది. నాలుగు రేకులుగా విచ్చుకున్న రాగి. ఇంటికొచ్చి కడిగి, ఆరబెట్టి తూచాను. పోయింది ఏమీ లేదనే చెప్పాలి, త్రాసు చివరి అంకెలో మాత్రమే తేడా. అయినా గాయం చుట్టూ జానెడు వెడల్పున మాంసం కోసి పారేశాను. మిగిలింది పొట్లాలు కట్టి ఫ్రీజరులో పెట్టాను.

థాంక్స్‌గివింగ్ రోజు మా అమ్మాయిని చూసి గుర్తుపట్టలేకపోయాను. బుగ్గలు లోపలికి పోయాయి, కడుపు మాత్రం ముందుకొచ్చింది. అల్లుడు ఎక్కడికెళ్ళినా చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకునే ఉన్నాడు, ఏ క్షణంలో అవసరమవుతుందోనని. ఉల్లిపాయలు వేగుతుంటే ఆ వాసనకే పిల్ల లేచి వెళ్ళిపోతుందని భయపడి కిటికీలన్నీ తెరిచాను. వేపుడు వడ్డించాను. మా ఆయన టీవీ కట్టేశారు.

పిల్ల చిన్న ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అల్లుడు కవరు తెరిచి పట్టుకున్నాడు. మింగింది. ఇంకో ముద్ద కలిపింది. నేను గరిటె పట్టుకుని నిలబడే ఉన్నాను, కూర్చుంటే ఏమవుతుందోనని. పళ్ళెం ఖాళీ అయింది.

"అమ్మా, రైస్ ఇంకా ఉందా?" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. అల్లుడు కవరు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, తన పళ్ళెం ముందుకు లాక్కున్నాడు.