పన్నెండు గేర్ల బస్సు

ముప్ఫై ఏళ్లు లారీ తోలాను, ఒక్కసారి కూడా బోల్తా కొట్టించలేదు. బస్సును మాత్రం ముంచాను. అదీ గుడివాడలో, వియ్యంకుడి ముందుగదిలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని. బస్సు ఒక్కటే మునిగి ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు. దాంతోపాటు మా అమ్మ పేరు కూడా మునిగింది.

నాలుగేళ్ల కిందటి మాట. అవనిగడ్డ నుంచి ధాన్యం లారీ తోలినన్నాళ్లూ ఊళ్ల బోర్డులు రంగు చూసి పోల్చుకున్నానే తప్ప చదివి ఎరగను. అరవై దాటాక పెద్దల బడికి వెళ్లి అక్షరాలు దిద్దాను. వచ్చాక ఒళ్లు తెలియలేదు. సబ్బు మీది కాగితం, కరెంటు స్తంభం మీది నంబరు, ఏదీ వదల్లేదు. పక్కింటివాళ్లకి వచ్చిన శుభలేఖ కూడా వాళ్ల కంటే ముందు నేనే చదివాను.

ఆ ఊపులో ఉండగా మా అబ్బాయి రవికి కూతురు పుట్టింది. కోడలు స్వాతి పుట్టింట్లో బారసాల. పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పాప పేరు రాస్తారు కదా. నాకు ఒక్కటే కోరిక. మా అమ్మ పేరు నాంచారమ్మ. ఆవిడ బతికినన్నాళ్లూ వేలిముద్రే. ఆ పేరు నా చేత్తో బియ్యంలో రాయాలి. వారం రోజులు పలక మీద దిద్ది, మ కింద మ వత్తు అచ్చు గుద్దినట్టు పడేలా చేసుకున్నాను.

వియ్యంకుడు సుబ్బారావుగారికి కూడా ఒక అమ్మ ఉండేదట. అదీ చిక్కు.

"మా అమ్మ పేరు బుల్లెమ్మ బావగారూ. పిలవడానికి ఎంత ముద్దుగా ఉంటుందో!"

"పిల్ల పెద్దదవుతుంది కదండీ. అరవై ఏళ్లొచ్చినా బుల్లెమ్మేనా?"

"మరి మీ నాంచారమ్మ? పుట్టీ పుట్టగానే అరవై ఏళ్లదైపోదూ?"

బారసాల ముందురోజు పొద్దున్నే ఈ గోల. రవికి విసుగొచ్చింది. "ఇద్దరూ ఆపండి. బస్సాటలో తేల్చుకోండి. గెలిచినవాళ్ల పేరు" అన్నాడు.

వాడి కంప్యూటర్లో తెర మీద బస్సు తోలే ఆట ఉంది. ఎవరో పుణ్యాత్ములు మన బందరు నుంచి గుడివాడ దాకా రోడ్డు కూడా అందులో గీసి పెట్టారు, పక్కన కాలువతో సహా. బందరు బస్టాండులో బయల్దేరి గుడివాడకి ఎవరు తొందరగా చేరితే వాళ్లు గెలిచినట్టు.

"బస్సు నచ్చింది వేసుకోవచ్చు. మోడ్‌లంటారు. ఆడేవాళ్లే తయారుచేసి పెడతారు" అన్నాడు రవి.

మోడు అంటే మా వైపు ఆకు రాలిపోయిన చెట్టు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

"బొమ్మ కింద నాలుగు ముక్కలు రాసి ఉంటాయి నాన్నా. చదివి వేసుకో."

"నువ్వు చదువుతావా?"

"ఎవరు చదువుతారు నాన్నా! పేరు చూసి నొక్కేస్తాం. నువ్వు మాత్రం చదువు."

ముందు సుబ్బారావుగారి వంతు. ఆయన కాలేజీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. "పూర్తిగా చదివి సంతకం పెట్టండయ్యా" అని ఉద్యోగమంతా పిల్లల్ని కసిరిన మనిషి. పూలదండలు చూసి మోజుపడి 'పెళ్లి బస్సు' నొక్కేశారు. బస్సు కదల్లేదు.

"ఏమిటి అల్లుడుగారూ, ఇది కదలదేం?"

కింద రాసింది రవి చదివాడు. "చుట్టాలందరూ ఎక్కితేనే కదులుతుంది."

ఒకాయన ఎక్కుతాడు, ఇంకొకాయన మంచినీళ్లకని దిగుతాడు. ఒక పెద్దావిడ చెప్పుల కోసం వెళ్లి అరగంటైనా రాలేదు. "ఎక్కమ్మా, నీకు పుణ్యముంటుంది!" అని వియ్యంకుడు తెరకి దండం పెట్టారు. చివరికి కుర్చీ వదిలేశారు.

"చదువుకున్నవారు, నాలుగు ముక్కలు చదవలేకపోయారా బావగారూ?" అంటూ నేను కూర్చున్నాను.

నేను చదివానండీ! కూడబలుక్కుని మరీ చదివాను. పేరు 'దివిసీమ రాకెట్'. కింద 'పన్నెండు గే' దాకా వచ్చాను. లారీ తోలినవాడికి పన్నెండు తర్వాత 'గే' కనబడితే ఇంకా చదవాలా? గేర్లు! నా లారీకి ఐదే. పన్నెండు గేర్ల బండెక్కితే ఇక నాంచారమ్మని ఆపేదెవరు? నొక్కాను.

బస్సు వచ్చింది. ముందు ఇంజను లేదు. పన్నెండు గేదెలున్నాయి.

"ఇవేంట్రా?"

"గేదెలు నాన్నా."

"గేర్లేవీ?"

"గేర్లని ఎవరు చెప్పారు?"

అయితేనేం, రాకెట్ అన్న మాట అబద్ధం కాదు. కొమ్ములు వెనక్కి వాల్చి పరుగెత్తాయి. పెడన దాటేశాం. "అమ్మా, వచ్చేస్తున్నా!" అని కుర్చీలోంచి లేచాను. అంతలో ఎడంపక్క కాలువ కనబడింది. నాక్కాదు, వాటికి. పన్నెండు తలలూ ఒక్కసారి తిరిగాయి. పెళ్లివారు పందిట్లోకి దిగినట్టు, బస్సుతో సహా వరసగా నీళ్లలోకి దిగి, హాయిగా పడుకున్నాయి.

"హై! హై! లెగండే!" అని తువ్వాలు తీసి తెర మీద కొట్టాను.

మిగతా ముక్కలు రవి చదివాడు. "పన్నెండు గేదెల బస్సు. కాలువ కనబడితే దిగుతాయి. సాయంత్రం దాకా లేవవు. చదవకుండా వేసుకుని మమ్మల్ని తిట్టొద్దు."

దున్నపోతు మీద వాన అంటారు గానీ, గేదె మీద నా తిట్లు పడటం చూడాలి. ఒక చెవి ఆడించింది, అంతే. చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. నాకు సగం చదివితేనే పోయింది.

పాపని భుజాన వేసుకుని స్వాతి వచ్చింది.

"అయిందా? నాలుగు ముక్కలు చదవలేని మీకు నా పిల్ల పేరు అప్పగించనా? పేరు నేనే పెట్టుకుంటాను. ఒప్పుకున్నట్టు ఈ కాగితం మీద సంతకాలు పెట్టండి మావయ్యగారూ. నువ్వూ పెట్టు నాన్నా."

కాగితం నిండా రాసి ఉంది. సుబ్బారావుగారు సర్రున గీకేశారు. సంతకమంటే నాకింకా కొత్త మోజు. నేనేం తక్కువా అని గుండ్రంగా, వత్తులతో సహా పెట్టాను. అప్పుడు స్వాతి పైకి చదివింది.

"పేరు తల్లి ఇష్టం. పాపకి ఏడాది నిండేదాకా తాతలిద్దరూ వంతులవారీగా గుడ్డలు ఉతకాలి."

"మీరు చదవలేదా బావగారూ?" అన్నాను.

"మీరు చదివారనుకున్నానండీ!"

మర్నాడు బియ్యంలో స్వాతే రాసింది, 'నిత్య' అని. వత్తు ఉంది లెండి. నేను దిద్దింది కాదు.

ఆ ఏడాది నా వంతు గుడ్డలు ఆరేస్తూ, దండెం సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక మీదట అక్షరం కనబడితే చివరి చుక్క దాకా చదువుతాను. 'గే' దగ్గర ఆగను. కాగితాన్ని వెనక్కి తిప్పి కూడా చూడకుండా వేలు కదపను. మాట మీద నిలబడతానో లేదోనని ఈ ప్రమాణాన్ని కాగితం మీద కూడా పెట్టాం. రాసింది స్వాతి. నేను సంతకం పెట్టాను.