కమ్మీ మీద గంధం

ఎలమంచిలి పెద్దాయన తెచ్చిన సీడీలు మంచివే. సింహాచలం కొండ కింద మా వీధిలో ఇప్పటికీ ఆయన్ని డూప్లికేటు సీడీలాయన అంటారు. ఆ పేరు రావడానికి కారణం నేను.

మా పక్క కొట్టు బావది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. నేను కుంకుమ, గంధం, కొబ్బరికాయలు అమ్మేవాణ్ణి. అతను ఎలమంచిలి పెద్దాయన తెచ్చే భక్తిపాటల సీడీలు అమ్ముతూ, కొట్టు తీసింది మొదలు కట్టేదాకా ప్లేయర్లో పాటలు మోగించేవాడు. ఒకసారి చందనోత్సవం ముందు, నా కొట్టు దగ్గర ఆగిన ఆడవాళ్ళతో, "అమ్మా, ఆ కుంకుమ ఎట్టుకుంటే నుదురు బొబ్బలెక్కిపోతాది. రంగుపొడి అది," అన్నాడు. నేను వింటూనే ఉన్నాను. మా ఆవిడ రోజూ పెట్టుకునేది ఆ డబ్బాలోదే. ఆ సీజనంతా నా కుంకుమ రాశి పోసింది పోసినట్టే ఉండిపోయింది. అడిగితే, "సరదాకన్నాను బావా, ఏటంత కోపం?" అన్నాడు.

ఎంత కోపమో చూపించే అవకాశం అతనే ఇచ్చాడు. ప్లేయరు గురగురలాడుతోందని నా దగ్గరికే తెచ్చాడు. పెళ్ళికి ముందు గోపాలపట్నంలో రేడియో రిపేరు కొట్లో పనిచేశానని అతనికి తెలుసు.

మూత విప్పాను. సీడీ మధ్యలో మొదలై అంచు వైపు పాడుకుంటూ వెళ్తుంది. కింద లేజరు కూడా దాంతోపాటే జరగాలి. కొద్ది దూరమైతే లెన్సు ఒక్కటే, సన్నటి తీగల మీద వేలాడుతూ, పక్కకి ఒరిగి పాట ఉన్న గీతను పట్టుకుంటుంది. ఒరగడానికి ఇక చోటు లేనప్పుడు చిన్న మోటారు తిరిగి, లెన్సును మోసే బండినే కమ్మీ మీద కాస్త ముందుకి నెడుతుంది. లెన్సు మళ్ళీ నిటారుగా నిలబడి, కొత్తగా ఒరగడం మొదలుపెడుతుంది. పాట పొడుగునా ఇదే పని.

లెన్సు శుభ్రంగా తుడిచాను. తర్వాత నా కొట్లో అమ్మే గంధమే చిక్కగా కలిపి, కమ్మీ మీద సగం దూరంలో, పక్కనే బండిని నడిపే పళ్ళ సందుల్లో పుల్లతో అద్దాను. దేవుడి ఒంటికి పూసే గంధం.

బావ ఎదుటే పెట్టి వినిపించాను. మొదటి రెండు పాటలూ నీళ్ళు జారినట్టు వచ్చాయి. "నీ సేతిలో ఏదో ఉంది బావా," అని భుజం తట్టి పట్టుకెళ్ళాడు.

మర్నాటికి గంధం ఎండి రాయయింది. మూడో పాటలో బండి అక్కడికొచ్చి ఆగిపోయింది. లెన్సు ఒరగగలిగినంత ఒరిగి, ఇక అందక వెనక్కి పడింది. "నరసింహా నర... నరసింహా నర..." అంటూ అక్కడే. లైన్లో భక్తులు మొదట దండం పెట్టారు, తర్వాత నవ్వారు. సీడీ మార్చాడు. ఏది పెట్టినా సగంలో నత్తే.

"ఏటి బావా, అన్నీ ఒకేసోట సచ్చాయేటి?"

"సరుకలాటిది కాబోలు," అన్నాను. ఆ మాట నోట్లో బెల్లంలా కరిగింది.

దాన్నే పట్టుకున్నాడు. ఎలమంచిలి పెద్దాయన ఎప్పట్లాగే రైలు దిగి, సంచి భుజాన వేసుకొచ్చాడు. బావ ఆ సంచి లాక్కుని, సీడీలు రోడ్డు మీద గుమ్మరించి, జనం ముందు దొంగ అన్నాడు. పెద్దాయన ఒక్కొక్కటీ ఏరి, చొక్కాతో తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు. మధ్యలో నా వంక చూశాడు. నేను నవ్వుతున్నాను. ఆయన మళ్ళీ మా వీధికి రాలేదు. బావ ప్లేయరూ కొత్తది కొన్నాడు, సీడీలూ వేరేవాళ్ళ దగ్గర తెప్పించాడు. పాటలు సాగాయి కాబట్టి తప్పు పెద్దాయనదే అయిపోయింది.

ఇప్పుడు సీడీలు ఎవరూ కొనరు. బావ ఫోను కవర్లు, బొమ్మలు అమ్ముతున్నాడు. ఈమధ్య అటక మీంచి ఆ పాత ప్లేయరు దించుతూ, "ఎలమంచిలోడు ముంచేసేడు," అని మళ్ళీ అన్నాడు. ఇక ఆగలేకపోయాను. మూత విప్పి కమ్మీ చూపించాను. గోటితో గీకి వాసన చూశాడు.

"గంధమా?"

"కుంకుమైతే బొబ్బలెక్కిపోతాదని," అన్నాను.

బావకి చేసినందుకు నాకు ఇవాళ్టికీ బాధ లేదు. ఆ తర్వాత నేను ఎలమంచిలి వెళ్ళింది పెద్దాయన కోసం. ఆయన అంతా విన్నాడు. ఆయన భార్య నా ముందు పెట్టిన టీ గ్లాసు తన వైపు జరుపుకున్నాడు.

"ఆడు తెలీక తిట్టేడు. నువ్వు తెలిసి నవ్వేవు."

తప్పయిపోయిందన్నాను.

"నా సెవిలో సెప్తే ఏటి లాభం? శనివారం నానొస్తాను. ఆ కొట్టు ముందరే, జనం ఉన్నప్పుడు సెప్పు. గట్టిగా." నా టీ ఆయనే తాగేశాడు.

శనివారం జనం ముందు నా తప్పు ఒప్పుకోవాలని చెప్పిన దగ్గర్నుంచీ బావ మొహం పండగలా ఉంది. పెద్దాయనకి వెయ్యడానికి స్టూలు తీసి తుడుస్తున్నాడు.

"మైకు కావాలా బావా? బొమ్మల్లో ఒకటుంది. పనిసేత్తాది."

"ఇయ్యి," అన్నాను. "నాను మొదలెట్టేది కుంకుమ దగ్గర్నుంచి."

స్టూలు తుడవడం ఆపాడు.